పక్కింటి మాట

నమోదు 1

ఈ దినచర్య సరదా పుట్టి రాస్తున్నది కాదు. నీళ్ళ మీద తేలే ఈ తేలుడుపేటలో ఎవరు ఏ కొత్త వస్తువు చేసి అమ్ముకోవాలన్నా, చేసిన తీరంతా రాసి పేట ఆఫీసుకు పంపాలట. చదివేది ఆఫీసరు కాదు, ఆఫీసరుగారి బదులు. ఆయన ఆఫీసు మొహం చూసి ఏడాది దాటింది. మనిషి తరఫున మాట్లాడే చొక్కా బొత్తమంత యంత్రం, దాన్నే బదులంటారు, ఆయన కుర్చీలో కూర్చుని, ఏ కాగితం వచ్చినా "చాలా ఆసక్తికరంగా ఉందండీ" అంటుంది. కాబట్టి బదులుగారూ, నమస్కారం. మీకు ఆసక్తి కలిగించే ఉద్దేశం నాకు బొత్తిగా లేదు.

నా పేరు వరహాలమ్మ. రేవుపేట సముద్రంలో కలిసిపోకముందు అక్కడి వారపత్రికకు గళ్ళ నుడికట్టు కట్టేదాన్ని. ఇప్పుడు వెబ్‌లో ఆడుకునే చిన్న మాటల ఆట కడుతున్నాను. వానాకాలం మొదలయ్యేలోగా ఇంట్లో ఒక్కరికైనా సంపాదన కనబడకపోతే కింది అంతస్తుకు దించేస్తామని మీరే నోటీసు పంపారు. కింది అంతస్తు నీళ్ళలో ఉంటుంది, కిటికీలుండవు. ఈ పేటలో నాకున్న సుఖం మొత్తం వంటింటి కిటికీ ఒక్కటే. పొద్దున్నే దాని దగ్గర నిలబడి పులుసు కాచుకుంటూ ఎవరినో ఒకరిని తిట్టుకుంటే నాకు రోజు గడుస్తుంది. దాని కోసం ఈ తిప్పలు.

ఆట నా బుర్రలోంచి ఊడిపడిందని కోతలు కొయ్యను. రోజుకొక్క మాటే అన్న పద్ధతి ఒక పాత ఆటలోది. దగ్గరా దూరమా అని చెప్పే పద్ధతి ఇంకోదానిది. రంగులు మూడోదాన్నుంచి ఎత్తుకొచ్చాను. వాళ్ళు మాత్రం ఎక్కడ తెచ్చారు? అంతా నా సొంత ఆలోచనే అని గుండెలు బాదుకునేవాడింట్లో గిన్నెలు బోర్లించి చూడండి, అంచున పక్కింటివాళ్ళ పేరు చెక్కి ఉంటుంది.

ఆట ఇదీ. రోజూ ఒక మాట తన ఇంట్లో దాక్కుంటుంది. మీరు తోచిన మాటేదో రాస్తే, అది దాక్కున్న మాటకు ఎంత దగ్గరో ఆట చెబుతుంది. బొత్తిగా సంబంధం లేకపోతే "సముద్రం". తర్వాత "ఊరవతల", "మన వీధి", "పక్కిల్లు". సరిగ్గా ఆ మాటే రాస్తే "ఇల్లు". ఆరుసార్లలో ఇల్లు చేరకపోతే ఓడినట్టు. ఏ మాటకు ఏ మాట దగ్గరో తేల్చే జాబితా బజార్లో ఊరికే దొరుకుతుంది, అందరి ఆటలూ దాని మీదే నడుస్తాయి. నేనూ అదే పెట్టాను. పేరు "మాట ఇల్లు".

నమోదు 2

ఇంట్లో ఎందరున్నారో రాయమన్నారు. ఒకటిన్నర. ఆ సగం మా ఆయన నూకరాజు.

రేవుపేటలో ఆయన చేపల వేలం వేసేవాడు. గొంతు విప్పితే పడవల్లో ఉన్నవాళ్ళకు కూడా ధర వినబడేది. ఇక్కడ చేపలు కొనేదీ బదుళ్ళే, అమ్మేదీ బదుళ్ళే. వేలం లేదు, అరుపు లేదు. ఆయన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. భోజనం వేళకు తలుపు సందులోంచి ఒక చెయ్యి వస్తుంది. తన బదులును నా ఎదుట పీట మీద పెట్టి, పళ్ళెం పట్టుకుని లోపలికి పోతుంది. ఏళ్ళ తరబడి నేను కాపురం చేస్తున్నది ఆ బొత్తంతో.

ఇందులో వింతేమీ లేదు. ఈ పేటలో అందరి సంసారమూ ఇంతే. మొన్న పక్క వరసలో పెళ్ళికి మూడు పళ్ళేల నిండా బొత్తాలొచ్చాయి. మనిషిగా వెళ్ళినదాన్ని నేనొక్కదాన్నే. స్వయంగా రావడమేమిటి, మర్యాద తెలీదా అన్నట్టు చూశారు పెళ్ళివారు. చూశారంటే, వాళ్ళ బొత్తాలు చూశాయి.

ఇవాళ బొత్తంతో చెప్పాను, "మాటల ఆటొకటి కట్టేను. ఆయనకి చెప్పు."

"చాలా సంతోషం వరాలూ. తప్పకుండా చెబుతాను. పులుసు బ్రహ్మాండం," అంది బొత్తం. పులుసు రోజూ బ్రహ్మాండమే. ఒకరోజు పులుసే పెట్టలేదు. అప్పుడూ బ్రహ్మాండమే. లోపల్నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. గోడతో మాట్లాడితే కనీసం గోడ పొగడదు.

సాయంత్రం మా మరిది త్రినాథ్ వచ్చాడు. ఇలాంటి ఆటలకి డబ్బు రాబట్టే ఉపాయాలు చెప్పడం అతని వృత్తి. చేసేదేమిటో నాకెప్పుడూ అర్థం కాలేదు. బూట్లు మాత్రం మెరుస్తుంటాయి.

"వదినా, ఆట కట్టీడం గొప్ప కాదు. దాన్ని నిలబెట్టాల," అన్నాడు. "ఒక్కో ప్రయత్నానికి మధ్యలో ఒక్కో ప్రకటన పెట్టీద్దాం. గెలిచినోళ్ళకి గుమ్మానికి తగిలించుకునే బిళ్ళ పంపుదాం. రేపు రేపు దేశమంతా..."

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అయినా కిటికీ గుర్తొచ్చి, సరే అన్నాను.

నమోదు 3

ఆట మొదలైంది. జనం విరగబడ్డారు. అంటే, బదుళ్ళు విరగబడ్డాయి.

అన్నీ మొదటిసారికో రెండోసారికో ఇల్లు చేరిపోతున్నాయి. బజారు జాబితా వాటికి కంఠతా వచ్చు మరి. పేటంతా గుమ్మాలకి నా బిళ్ళలే, "ఇల్లు చేరాం" అని ఎర్రటి అక్షరాలతో. పక్కింటి కొండమ్మగారు ఎదురుపడితే అడిగాను.

"ఆట ఎలాగుందండీ?"

"బ్రహ్మాండం తల్లీ! రోజూ గెలిచీస్తన్నాం."

"నిన్నటి మాటేటి?"

"నాకేటి తెల్సు? బదులుకి తెలుస్తాది." ఆవిడ తన బిళ్ళ పమిటతో తుడుచుకుంది. "ఎదురింటోళ్ళది కూడా ఎర్రబిళ్ళేనా? మాది కొంచెం పెద్దదుంటే బావుణ్ణు."

ఒక్కరూ ఆడలేదు, అందరూ గెలిచారు. ప్రకటనల సంగతి ఇంకా ఘోరం. ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య ఊరగాయల ప్రకటన పెట్టాడు త్రినాథ్. బదుళ్ళు దాన్ని శ్రద్ధగా చూసి, యజమానుల తరఫున ఊరగాయలు కొనేశాయి. ఊరగాయలమ్మేదీ బదులే. మధ్యలో నిజంగా ఉన్నది మామిడికాయ ఒక్కటే.

డబ్బు రావడం మొదలైంది. తీసుకున్నాను. ఛీ అనుకుంటూనే తీసుకున్నాను.

నమోదు 4

ఒకడు ఓడిపోతున్నాడు.

ఆడేవాళ్ళ పేర్లన్నీ "విజయదుందుభి", "మేధోనిధి" లాంటివే. ఆ గుంపులో "ఉప్పెక్కువ" అని ఒక పేరుంది. రోజూ వస్తాడు, ఆరుసార్లూ సముద్రంలో మునుగుతాడు, పోతాడు. పైగా ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య చాలాసేపు ఆగుతాడు. బదుళ్ళు ఆగవు. బదుళ్ళు ఓడవు. కాబట్టి ఇది మనిషి. నాకు మొదట నవ్వొచ్చింది. ఇంత తేలికైన ఆటలో ఓడడానికి ఎంత దద్దమ్మ అయ్యుండాలి!

ఇవాళ దాచిన మాట "గంట". జాబితా ప్రకారం దాని పక్కిళ్ళు గుడి, బడి, గడియారం. ఉప్పెక్కువ రాసినవి చూశాను. ఐసు. కాకులు. తట్ట. అరుపు. తూకం. తెల్లారి. అన్నిటికీ సముద్రమే.

చదువుతూ చదువుతూ చేతిలో గరిటె పక్కన పెట్టేశాను.

రేవుపేట చేపల షెడ్డు మీద గంట ఉండేది. తెల్లారుతూనే అది మోగేది. మోగగానే ఐసు కొట్టేవారు, తట్టలు దింపేవారు, ఎక్కడెక్కడి కాకులూ వాలేవి, వేలం మొదలయ్యేది. మా ఊళ్ళో గంటకి పక్కిల్లు గుడి కాదు, ఐసు. ఉప్పెక్కువ తప్పు చెప్పలేదు. తప్పు జాబితాది. ఆ జాబితాని బజారులోంచి కళ్ళు మూసుకుని తెచ్చి పెట్టిన నాది.

ఎవరో మా ఊరి మనిషి బతికి ఉన్నాడు. షెడ్డు పక్కన ఎండుచేపలమ్మిన ఏ ముసలాయనో అయ్యుంటాడు, సొంత వేళ్ళతో, సొంత బుర్రతో ఆడుతున్నాడు. నాకెంత సంతోషమేసిందంటే, భోజనాల దగ్గర బొత్తంతో కూడా చెప్పాను. "మనూరి మనిషి ఒకరు నా ఆట ఆడతన్నారు, ఆయనకి చెప్పు." చాలా సంతోషం అంది. పులుసు బ్రహ్మాండం అంది. ఆ ముసలాయన బుర్రలో పావు వంతు మా ఆయనకుంటే నా బతుకు వేరుగా ఉండేది.

నమోదు 5

జాబితా పీకి అవతల పారేశాను. ఇవాళ్టి మాటకు చుట్టుపక్కల ఇళ్ళన్నీ నా చేత్తో కట్టాను. పూర్వం నుడికట్టు కట్టినట్టే ఒక్కో మాటనూ నోట్లో వేసుకుని నమిలి, మా ఊళ్ళో అది దేని పక్కన బతికిందో తలుచుకుని మరీ పెట్టాను.

మాట "దీపం". వెలుగు, నూనె, వత్తి, అన్నిటినీ సముద్రంలోకి తోసేశాను. పడవ తిరిగి రాకపోతే ఆడవాళ్ళు కిటికీలో దీపం పెట్టి కూర్చునేవాళ్ళం. అందుకని "పడవ" మన వీధి. "ఆలస్యం" పక్కిల్లు.

పేటలో బదుళ్ళన్నీ మూకుమ్మడిగా మునిగాయి. ఉప్పెక్కువ వచ్చి ముందు "పడవ" అని రాశాడు. చాలాసేపు ఆగాడు. "ఆలస్యం" అన్నాడు. ఈసారి ఆగలేదు. "దీపం."

వంటింట్లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. నుడికట్టు కట్టిన ఇన్నేళ్ళలో నన్నెవరూ అంత బాగా చదవలేదు.

నమోదు 6

పేటంతా భగ్గుమంది. ఒక్క గుమ్మానికీ బిళ్ళ లేదు.

"మా గుమ్మం పరువు తీసీసేవు కదమ్మా!" అని కొండమ్మగారు స్వయంగా వచ్చి ఏడ్చింది. బదులును పంపకుండా తానే వచ్చిందంటే ఎంత దెబ్బ తగిలిందో చూడండి. పుట్టింట్లో పోయినప్పుడు కూడా బొత్తాన్నే పంపిందీవిడ.

వెనకాలే త్రినాథ్ వచ్చాడు. జేబులోంచి తళతళలాడే బదులొకటి తీసి పీట మీద పెట్టాడు. సౌభాగ్య ప్రకటనల కంపెనీదట. కంపెనీ నా ఆటను కొంటుంది. ఏటా సంపాదన వస్తుంది, ఆ కాగితం పేట ఆఫీసుకిస్తే కిటికీ మాదే. షరతులు రెండు. బజారు జాబితా మళ్ళీ పెట్టాలి. ఓడిపోయేవాళ్ళని ఆటలోకి రానివ్వకూడదు.

"ఎందుకూ?" అన్నాను.

"ఓటమి పక్కన మా సరుకు కనబడితే అమ్మకాలు పడిపోతాయండీ," అంది బదులు తియ్యగా. "ఓడేది ఒక్కరే కదండీ. ఒక్కరోజు పెట్టి చూపించండి. ఎల్లుండి సంతకాలు."

"ఒక్కడి కోసం కిటికీ పోగొట్టుకుంటావా వదినా?" అన్నాడు త్రినాథ్. "అన్నియ్య ఎలాగూ గదిలోంచి రాడు. రేపు కిందకి దించీస్తే, నువ్వు ఏ గోడకేసి చూసి వండుతావు?"

అతని మీద నాకు గౌరవం ఏనాడూ లేదు. కానీ ఆ మాట నిజం. కిటికీ దగ్గరికెళ్ళి చాలాసేపు నిలబడ్డాను. తర్వాత వచ్చి జాబితా మార్చాను. ఉప్పెక్కువ పేరు మీద తాళం వేశాను.

ఇన్నాళ్ళూ ఈ పేటలో అందరినీ తిట్టాను. ఇవాళ తిట్టడానికి నేనే మిగిలాను. ఆడే మనిషి ఒక్కరుంటే, ఆ ఒక్కరినీ గెంటేసి బొత్తాలకి పీటలేశాను. భోజనాల దగ్గర ఆ సంగతీ చెప్పాను. బొత్తం చాలా సంతోషమంది.

నమోదు 7

ఇవాళ మధ్యాహ్నం అన్నం వార్చి పీట వేశాను. తలుపు చప్పుడైంది. చెయ్యి వస్తుందనుకున్నాను. చెయ్యి వెనకాలే మనిషొచ్చాడు.

లుంగీ వదులైపోయింది. గడ్డం తెల్లబడింది. ఎన్నాళ్ళో తిప్పని కుళాయి తిప్పితే ముందు గాలి, తర్వాత తుప్పునీళ్ళు వచ్చినట్టు ఏవో రెండు శబ్దాలయ్యాక మాట వచ్చింది.

"ఆ ఆట తెరుచుకోట్నేదు."

"ఏ ఆట?"

"మాటలది. పొద్దున్నించీ సూస్తన్నాను, తలుపేసేసినారు. ఎవులు కట్టినారో నీకేటైనా తెల్సా వరాలూ? మనూరోళ్ళే కట్టుంటారు. దీపం పక్కన ఆలస్యాన్ని పెట్టినారు. పై ఊరోళ్ళకి అదెలా తెలుస్తాది?"

నా చేతిలో అన్నం గిన్నె ఉంది. దించడం మర్చిపోయాను.

"నేనే కట్టాను," అన్నాను.

"నువ్వా?" అన్నాడు. "మరి నాకు సెప్పనేదేటి?"

"రోజూ చెప్పాను. దానికి." పీట మీద బొత్తాన్ని చూపించాను. "కట్టేనని చెప్పాను. మనూరి మనిషి ఆడతన్నారని చెప్పాను. తాళం వేసేనని కూడా చెప్పాను."

"నాకొక్క ముక్కా సెప్పనేదది," అన్నాడు. కాసేపు బొత్తంకేసే చూశాడు. "పులుసులో ఉప్పెక్కువైపోతందని నానూ రోజూ సెప్తన్నాను. ఇక్కడికొచ్చిన కాణ్ణించీ సెప్తన్నాను. నువ్వు ఇనట్నేదనుకున్నాను. నామీద కోపంతో ఏస్తన్నావనుకున్నాను."

ఇద్దరం బొత్తంకేసి చూశాం. ఎవరి మనసూ నొప్పించకూడదని దానికి నేర్పిపెట్టారు. ఉప్పు సంగతి నాకు చెబితే నేను నొచ్చుకుంటాను. ఆట సంగతి ఆయనకి చెబితే తన పని పోయి పెళ్ళాం సంపాదిస్తోందని ఆయన నొచ్చుకుంటాడు. ఎవరూ నొచ్చుకోకుండా మా కాపురాన్ని ఊరగాయలా జాడీలో పెట్టి మూత బిగించింది.

"పులుసు బ్రహ్మాండం వరాలూ," అంది బొత్తం.

దాన్ని తీసి పోపులడబ్బాలో పడేశాను.

ఆయన మీద జాలి పుట్టిందని రాసుకోకండి బదులుగారూ. కోపమే వచ్చింది. నోరున్న మనిషి, తలుపుకి గడియ కూడా లేని మనిషి, నాలుగడుగులు వేసి ఉప్పెక్కువైందే అని ఒక్క మాట అనడానికి ఇన్నేళ్ళా? అదే అడిగాను.

"నువ్వు మాత్రం తలుపు తోసినావేటి?" అన్నాడు.

తోయలేదు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. పళ్ళెం వేశాను. ఆయన లోపలికి పట్టుకుపోలేదు.

నమోదు 8

సంతకాలకి త్రినాథ్ కొత్త బూట్లతో వచ్చాడు. పీట మీద అన్నగారు కూర్చుని ఉంటే గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అన్నియ్యా, నువ్వా! బదులు పాడైపోనాదా?"

"పోపులడబ్బాలో ఉంది," అన్నాను. "సంతకం చెయ్యను త్రినాథ్. తాళం తీసీసేను. నా జాబితా మళ్ళీ పెట్టీసేను."

"వదినా, బుద్ధుండే మాట్లాడతన్నావా? బదుళ్ళన్నీ వేరే ఆటకెళ్ళిపోతాయి. ఒక్కడు మిగుల్తాడు. ఒక్కడి కోసం ఆటేటి?"

"ఆడేది ఆ ఒక్కడే కదా."

కాళ్ళ దగ్గరికొచ్చిన లక్ష్మిని తన్నుకుంటున్నావన్నాడు. మీ ఇద్దరికీ మతి పోయిందన్నాడు. పోతూ పోతూ తళతళలాడే బొత్తం మర్చిపోతే, మా ఆయన గుమ్మంలో నిలబడి "ఒరే తినాదా!" అని ఒక్క కేక పెట్టాడు. వరసంతా తలుపులు తెరుచుకున్నాయి. బొత్తాలు కాదు, మొహాలే బయటికొచ్చాయి. కొండమ్మగారు చెవులు మూసుకుంది. మూసుకోనివ్వండి, ఊరికే పెట్టిన కేక కాదది. ఆ గొంతుతో పడవలకి ధర చెప్పిన మనిషి.

బదుళ్ళు ఆ రోజే వేరే ఆటకు పోయాయి. అది నా ఆటకు నకలే. రంగులు కూడా మార్చలేదు.

నమోదు 9

బదులుగారూ, మీరు పంపిన ఉత్తర్వు అందింది. చాలా ఆసక్తికరంగా ఉంది. సంపాదన లేదు కనుక కింది అంతస్తుకు మారాం. సామాను ఆయనే మోశాడు. మెట్ల మీద జనాన్ని జరగమని అరిచిన అరుపుకి లైట్లు అదిరాయి.

ఇక్కడ వంటింట్లో పొయ్యి ఎదుట ఉత్త ఇనప గోడ. అవతల నీళ్ళు. పొద్దున్నే నిలబడి తిట్టుకుందామంటే ఎవరూ కనబడరు. గోడకేసి చూసి వండడం నాకు నచ్చలేదు, నచ్చుతుందని అబద్ధం చెప్పను. ఆ కిటికీ కోసం ఈ మధ్యాహ్నం కూడా కళ్ళు తుడుచుకున్నాను.

పీట వేశాను. ఎదుట మనిషి కూర్చున్నాడు.

"ఇయ్యేళ మాటేటి?" అన్నాడు.

"వెబ్‌లో పెట్టలేదింకా."

"నోటితో ఆడు."

మనసులో ఒక మాట దాచాను. ఊఁ అన్నాను.

"నీళ్ళు," అన్నాడు.

"ఊరవతల."

"గోడ."

"మన వీధి."

ఆయన ముద్ద కలుపుతూ ఆగాడు. ఉప్పెక్కువ ఎప్పుడూ ఆగినట్టే చాలాసేపు ఆగాడు. "పులుసు."

"పక్కిల్లు."

తల ఎత్తి నాకేసి చూశాడు. తర్వాత నా వెనకాల పొయ్యి మీదుగా ఆ ఇనప గోడకేసి చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"కిటికీ."

"ఇల్లు," అన్నాను.

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, ఇవాళ కూడా ఉప్పెక్కువైందన్నాడు. నాకే చెప్పాడు.